ఇంటి వాడకం చీకటి

సువర్చల తన కొత్త కామిక్ పుస్తకానికి సిరా బదులు ఇంట్లో చీకటి వాడుతోందని చీకటి సరఫరా కార్యాలయానికి ఫిర్యాదు వెళ్ళింది. ఫిర్యాదు చేసింది బయటివాళ్ళు కాదు, ఆమె అత్తగారు మాణిక్యమ్మ. భోజనమయ్యాక ఆవిడ నడుం వాల్చే వెనకగదిలో చీకటంతా అయిపోయింది. కిటికీ మూసినా, దుప్పటి ముసుగు పెట్టినా వెలుతురు పోవడం లేదు.

చీకటితో బొమ్మలు గీయడం వింతేమీ కాదు. మంచం కిందా, బీరువా వెనకా పేరుకున్నదాన్ని చాటలోకి ఎత్తి, కాస్త నీళ్ళు కలిపి, పలచటి గుడ్డలో వడకడితే సిరా కంటే నిగ్గుగా ఉంటుంది. కాకినాడలో పోస్టర్లు వేసేవాళ్ళందరూ చేసేది అదే. కాకపోతే వాళ్ళకి వ్యాపార కనెక్షన్ ఉంటుంది.

సువర్చలకి చీకటి అంత ఎక్కువగా ఖర్చవడానికి కారణం ఆమె కథానాయకుడు. పేరు అమావాస్య. ముఖానికి ముసుగు, మోకాళ్ళు దాటిన వానకోటు. ఒక నీడలో అడుగుపెట్టి ఊళ్ళో ఇంకే నీడలోంచయినా బయటికి రాగల శక్తి ఉంది. ఓడరేవు గోదాముల మధ్య, ఎడతెగని వానలో, హంతకుల్ని వెతుకుతూ తిరుగుతాడు. కథ దాదాపు అంతా రాత్రే. పగలు ఒకటి రెండు బొమ్మల్లో వచ్చినా మబ్బు పట్టి ఉంటుంది.

అంతకుముందు ఆమె ఏళ్ళ తరబడి ఒక ప్రచురణ కంపెనీకి పిల్లల బొమ్మలు గీసింది. ఆమె ఊహించి గీసిన గొడుగు తాతయ్య ఇప్పటికీ స్కూలు సంచుల మీదా, బిస్కెట్ పొట్లాల మీదా నవ్వుతుంటాడు. ఆయన మీద ఆమెకి ఏ హక్కూ లేదు. అమావాస్య మాత్రం తనవాడుగా ఉండాలనుకుంది. మొదటి పేజీలో ఒక్క గీతయినా గీయకముందే, అడుగున "సర్వహక్కులూ సువర్చలవి" అని రాసి పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు సత్తిరాజు వచ్చి, వాకిట్లో చెప్పులు విప్పి, వెనకగదిలో మంచం కిందకి వంగి చూశాడు. మంచం కింద ఎండ కాస్తోంది.

"ఇది ఇంటి వాడకం చీకటండమ్మా," అన్నాడు. "నిద్రకి, పూజగది మూలకి, ఊరగాయ జాడీలకి వాడుకోవచ్చండి. పుస్తకాలకి కుదరదండి. ఇంటి సిలిండరు మీద టిఫిన్ బండి నడిపినట్టేనండి ఇది."

"నట్టింట్లో కూచుని ముసుగు దొంగని గీస్తోంది బాబూ," అంది మాణిక్యమ్మ. "కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల కూడా వెలుగే."

"దొంగ కాదత్తయ్యా, దొంగల్ని పట్టేవాడు."

"మరి మొహం దాచుకోవడం దేనికంట?"

జరిమానా సంగతి ఎలా ఉన్నా, అసలు చిక్కు వేరే ఉందన్నాడు సత్తిరాజు. నిబంధన ప్రకారం, చీకటి ఎవరి పేరు మీద ఉంటే దాంతో గీసిన బొమ్మ వాళ్ళదే. ఆ ఇంటి చీకటి సువర్చల భర్త వీరభద్రం పేరు మీద ఉంది. కాబట్టి అప్పటిదాకా గీసిన పేజీల్లో అమావాస్య వీరభద్రం సొత్తు.

ఎరువుల కంపెనీలో పనిచేసే వీరభద్రం ఇది విని మంచిగానే మాట్లాడాడు. "నాదైతే ఏంటి, నీదైతే ఏంటి? నేనేమన్నా వద్దన్నానా?" అన్నాడు. మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, అమావాస్యకి మీసం పెడితే బాగుంటుందని చెప్పాడు.

"ముసుగు మీద మీసమేంటండీ?"

"మీదే పెట్టు. మనవాడన్నాక ఆ మాత్రం ఉండాలి."

ఆ పేజీలన్నీ చింపేసి, సువర్చల తన పేరు మీద కనెక్షన్ కావాలని చీకటి కార్యాలయానికి వెళ్ళింది. నిలువ నీడ ఎవరిదని అడిగారు. మావారిదంది. అయితే కనెక్షనూ వారి పేరు మీదే వస్తుందన్నారు. పాత కంపెనీవాళ్ళు ఎలా విన్నారో, కావలసినంత వ్యాపార చీకటి తాము పోస్తామని, అమావాస్యని తమకి రాసిస్తే చాలని కబురు చేశారు. ఆమె ఒప్పుకోలేదు.

సత్తిరాజు జాలిపడి పాత రికార్డులు తిరగేశాడు. పెళ్ళితో ఆడవాళ్ళ నీడ ఇంటిపేరుతో పాటే భర్త పేరుకి మారిపోతుంది. సువర్చలది మారలేదు.

"మార్పించలేదేంటండీ?"

"మా పెళ్ళినాడు తుఫానండి. ఎండే లేదు. పందిట్లో ఎవరికీ నీడ పడలేదు."

"అయితే మీ సొంతం అదొక్కటేనండి. వాడుకోవచ్చండి. కాకపోతే అయిపోతే మళ్ళీ రాదండి. ఇంట్లో ఆలోచించుకోండి."

ఇంట్లో ఆలోచించుకునే చోటు దొరక్క, ఆమె కార్యాలయం మెట్ల మీదే ఆలోచించుకుని వచ్చింది.

పొద్దుటి నీడ పొడుగే గాని పలచన. మధ్యాహ్నపుది పొట్టి, చిక్కన. గోదాములకీ వానకీ పొద్దుటిది, అమావాస్య కోటుకి మధ్యాహ్నపుది వాడితే పొదుపని సువర్చల త్వరలోనే గ్రహించింది. డాబా మీద నిలబడి జాకెట్టు గుడ్డలా కత్తిరించుకునేది. ముందు జడ ముడి పోయింది, తర్వాత భుజాలు, తర్వాత ఎడమ చెయ్యి. కుడిచేతిని కొన్నాళ్ళు దాచుకుంది.

ఇంట్లో అందరికీ సుఖంగానే ఉంది. మాణిక్యమ్మకి వెనకగది చీకటి తిరిగొచ్చింది. "ఇదివరకు నువ్వటూ ఇటూ తిరిగితే వడియాల మీద నీడ పడి చచ్చేదే. ఇప్పుడు పెళపెళలాడుతున్నాయి," అని మెచ్చుకుంది. కిటికీ దగ్గర పేపరు చదువుకునే వీరభద్రం వెలుతురుకి అడ్డం రావద్దని కసరడం మానేశాడు. ఒక సాయంత్రం ఆమె పక్కనే నిలబడి ఉండగా, "అమ్మా, సువర్చల ఇంట్లో లేదా?" అని వంటింటివైపు కేకేశాడు.

ఆఖరి పేజీలో అమావాస్య ముసుగు తీస్తాడు. అప్పటికి సువర్చలకి అరికాళ్ళ కింద ఉన్నది తప్ప మిగల్లేదు. తన నీడలోంచి కాస్త తీసుకోమని వీరభద్రం నిజంగానే అన్నాడు. మీసం మాట మళ్ళీ ఎత్తనని కూడా అన్నాడు. ఆమె వద్దంది. ఒక్కో కాలూ ఎత్తి, కింద ఉన్నది గీకి తీసి, పేజీ పూర్తి చేసింది. ఆ రోజు నుంచి ఆమె ఎక్కడ నిలబడినా, ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మరిచిపోయినట్టుండేది.

తనిఖీకి సత్తిరాజు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఆమెని డాబా మీద ఎండలో నిలబెట్టి చుట్టూ తిరిగాడు. ఒక్కో పేజీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు.

"సరిపోయిందండి. చుక్క కూడా బయటిది కలవలేదండి. అమావాస్య మీవాడేనండి."

"ఇలా ఉంటే మరి ఇబ్బందేమీ రాదాండి?"

"ఏం ఇబ్బందండీ? ఈ వీధిలో సగం ఇళ్ళల్లో ఆడవాళ్ళకి నీడ లేదు కదండీ."

"వాళ్ళూ పుస్తకాలు గీశారా?"

"అబ్బే! మీదైతే ఎక్కడికి పోయిందో పేజీ పేజీకీ కనబడుతోందండి. వాళ్ళది దేనికి అయిపోయిందో మా ఆఫీసులో కూడా తెలీదండి."

"వాళ్ళకి తెలుసా?"

"ఎండలో నిలబడి కిందకి చూసుకునే తీరికుండాలి కదండీ," అని సత్తిరాజు సంతకం కోసం కాగితం అందించాడు.

సువర్చల సంతకం చేసింది. పిట్టగోడ అవతల పక్కింటి కృష్ణకుమారి బట్టలు ఆరేస్తోంది. లుంగీల నీడలు, చొక్కాల నీడలు, పిల్లల నిక్కర్ల నీడలు నేల మీద బారుగా ఊగుతున్నాయి. వాటి మధ్య ఆవిడ పాదాల చుట్టూ మాత్రం ఎండ నిండుగా ఉంది.

"ఏంటొదినా, అలా చూస్తున్నావ్?" అంది కృష్ణకుమారి, నోట్లో క్లిప్పుతోనే.

"ఏం లేదొదినా," అంది సువర్చల. "ఎండ బాగా కాస్తోంది."