అందరికీ ఒకటో నంబరు

గోదావరి జిల్లాల మర్యాదకు ఇంకా ఏ లోటూ రాలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈసారి ఆ ఘనత రాజమండ్రిలో శ్రీనివాసరాజు గారి రెస్టారెంటుకు దక్కింది.

అక్కడ మధ్యాహ్నం షిఫ్టు చూసేది ప్రిస్కిల్లా. ఆమె ప్రొబేషను ఆ ఆదివారంతో ఆఖరు. ఆ పూట ఒక్క ఫిర్యాదూ రాకపోతే ఉద్యోగం పర్మనెంటు. పన్నెండున్నరకే గుమ్మం దగ్గర నలభై మంది పోగయ్యారు. ఎవరి తర్వాత ఎవరో తేలాలని, పాపం, నంబర్లు వేసి టోకెన్లు పంచింది.

రెండో నంబరు అందుకున్న కడియం నర్సరీ యజమాని గణేష్‌బాబు గారు చిన్నబుచ్చుకున్నారు. "ఏంటండీ, మమ్మల్ని రెండోవాళ్ళని చేసేశారు?"

నిజమే కదండీ, ఇంటిల్లిపాదితో వచ్చిన మనిషికి రెండు ఎలా ఇస్తారు? రాజుగారు హుటాహుటిన ఉత్తర్వు జారీ చేశారు. "మన దగ్గర తక్కువవాళ్ళెవరూ లేరండి. అందరికీ ఒకటే ఇచ్చేయండి." పది నిమిషాల్లో నలభై చేతుల్లోనూ ఒకటో నంబరే. సమానత్వం ఇంత త్వరగా ఇంకెక్కడా రాలేదు.

ఆపైన వంటగదికి వెళ్ళిన ప్రతి ఆర్డరూ అర్జంటే. వంటమాస్టరు వీరబ్రహ్మం అన్నీ పొయ్యిల మీదకి ఎక్కించి, ఏది ముందు దించాలో తెలియక నిలబడిపోయాడు. రాజుగారు మాత్రం గుమ్మంలో ఒక్కొక్కరికీ "ముందు మీదేనండి" అని మాటిస్తూనే ఉన్నారు.

ఆ నలభై మందిలో అచ్చాయమ్మ గారొకరు. ఆస్పత్రి పనిమీద రామచంద్రపురం నుంచి ఒంటరిగా వచ్చారు. షుగరు ఇంజెక్షను చేసుకుని గంట దాటింది, ఇంకా ఏమీ తినలేదు. "నాకేం తొందర లేదమ్మా, ముందు వాళ్ళకి పెట్టండి" అన్నారు. అంటుండగానే చేతులు వణికాయి, మొహమంతా చెమట పట్టింది. ప్రిస్కిల్లా గబగబా పంచదార నీళ్ళు తాగించి, గణేష్‌బాబు గారికి వెళ్తున్న ప్లేటు ఆపి ఆవిడ ముందు పెట్టింది.

మిగతా ముప్ఫై తొమ్మిది మందీ ఒక్కసారిగా ఫిర్యాదు చేశారు. రాజుగారు నొచ్చుకున్నారు.

"ఎవర్ని ముందు చూడాలో తెలీకపోతే ఎలాగండి ప్రిస్కిల్లా గారూ? రేపట్నుంచి రానక్కర్లేదండి" అన్నారు. తీసేసేటప్పుడు కూడా గారు మానలేదు, గమనించాలి.

ఈలోగా తేరుకుని అన్నం తింటున్న అచ్చాయమ్మ గారి ఫొటో ఊరంతా తిరిగింది. 'మానవత్వం ఇంకా బతికే ఉంది' అని రాసి పెట్టిందెవరో కాదు, గణేష్‌బాబు గారే. దానికి మీరూ లైకు కొట్టారు. వరుసలో నా వెనకే నిలబడి కొట్టారు. రెండో చేతిలో మీ ఒకటో నంబరు నలిగిపోయి ఉంది. నాదీ అంతే అనుకోండి.