దుప్పటి కప్పుకున్న డ్రమ్ము

దేశంలోని చెత్త డ్రమ్ములన్నింటినీ కలియతిప్పించే పథకం రాసినవాడు, తన పెరట్లో ఉన్న ఒక్కగానొక్క డ్రమ్మును మాత్రం తిప్పలేకపోయాడంటే నమ్ముతారా? నమ్మాలి మరి. పర్యావరణ శాఖలో కూర్చుని గాలిలో ఏమేం కలుస్తోందో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. అందుకని ఆఫీసులోనూ, వీధిలోనూ, చివరికి అత్తవారింట్లోనూ ఆయన్ను గాలి ఇంజనీరు అనే పిలుస్తారు.

ఆ ఏడాది ప్రభుత్వం మంచి పట్టుదల మీద ఉంది. బట్టీల మసి, పాత ఫ్రిజ్‌ల నుంచి కారే గ్యాసు, కుళ్లిన చెత్తలో పుట్టే మీథేను, ఇవన్నీ తగ్గించి తీరాలని పంతం పట్టింది. ఇవి గాలిలో ఎక్కువకాలం నిలవవు కానీ, ఉన్నన్నాళ్లూ భూమిని తెగ వేడెక్కిస్తాయి.

"వీటిని అల్పాయుష్షు కాలుష్యాలు అంటాం," అని ఇంజనీరు భోజనం దగ్గర భార్యకు వివరించాడు. "కాసేపు హడావిడి చేసి మాయమైపోతాయి."

"మీ ఉత్సాహంలాగా అన్నమాట," అంది ఆవిడ, కంచంలో కూర వడ్డిస్తూ.

"వేళాకోళం కాదే! ఇవాళ ఆపితే ఫలితం మన కళ్లతో మనమే చూడొచ్చు. మనవల దాకా ఆగక్కర్లేదు."

ఆ మాట మాత్రం ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. ఆ పథకం కోసం ఏళ్ల తరబడి ఫైళ్లు మోశాడు, చీవాట్లు తిన్నాడు, జుట్టు సగం పోగొట్టుకున్నాడు. అందులో ఆయనకు ప్రాణమైన భాగం తడిచెత్తది. ఊరవతల గుట్టలు పోస్తే అడుగున గాలాడక మీథేను పుడుతుంది కాబట్టి, ప్రతి ఇంట్లోనూ చిల్లులున్న డ్రమ్ము పెట్టి, ఎండుటాకులు కలిపి, రోజు విడిచి రోజు కర్రతో కలియతిప్పాలి. అలా చేస్తే మీథేను పుట్టదు, చెత్త ఎరువవుతుంది.

"రాసింది మీరు కాబట్టి తిప్పేదీ మీరే," అని భార్య ఆయన చేతికి కర్ర ఇచ్చేసింది.

మొదటిరోజు తిప్పాడు. నడుం పట్టేసింది. వాసన ముక్కుకు పట్టుకుని ఆఫీసుదాకా వచ్చింది. దాంతో ఇంజనీరు బుర్ర పాదరసంలా పనిచేసింది. డ్రమ్ము చిల్లులన్నింటికీ టేపు అంటించి, మూత బిగించేస్తే వాసనా ఉండదు, ఈగలూ ఉండవు, తిప్పే పనీ ఉండదు!

అప్పట్నించి రోజూ పొద్దున్నే పెరట్లోకి వెళ్లి, కర్రతో డ్రమ్మును బయటినుంచి డబడబా వాయించి, పక్కనే స్టూలు వేసుకుని పేపరు చదువుకునేవాడు. ఆనక కుళాయి నీళ్లు నుదుటి మీద చిలకరించుకుని లోపలికి వచ్చేవాడు.

"అబ్బో, చెమటలు కూడానా!" అనేది భార్య.

"దేశసేవ మరి!"

ఆవిడ ఆయన చేతిలో పొడిపొడిగా ఉన్న కర్ర కొస వంక ఓసారి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయేది. డ్రమ్ము నిండాక కొత్త చెత్త ఏం చేద్దామని ఆయన నసిగితే, "నేను చూసుకుంటాలెండి," అంది. ఎలా చూసుకుంటోందో ఆయన అడగలేదు. అడిగితే పని తన మెడకు చుట్టుకుంటుందని భయం.

ఇలా హాయిగా సాగుతుండగా ఆఫీసులో పిడుగు పడింది. వీధుల్లో తిరుగుతూ మీథేను ఎక్కడుందో వాసన పట్టి కూసే యంత్రమున్న వ్యాను ఒకటి ఇంజనీరే పట్టుబట్టి తెప్పించాడు. అది తిరిగిన వీధులన్నీ ముందే కబురందుకుని శుభ్రం చేసుకోవడంతో, ఇంతవరకూ ఒక్కసారి కూడా కూయలేదు. ఖర్చుల శాఖ అధికారికి ఏది కనపడినా కత్తిరించే అలవాటు. అందుకే ఆయన్ను అందరూ కత్తెరాయన అంటారు. "కూయని వ్యాను, కుదరని పథకం. రెండూ ఆపేద్దాం," అని ఆయన తేల్చేశాడు.

మంత్రిగారు ఒప్పుకోలేదు. "రేపు నేనే వ్యానెక్కుతాను. అది పనిచేస్తే పథకం దేశమంతా అమలు చేద్దాం. లేదంటే ఆపేద్దాం," అన్నారావిడ. "ఏ వీధికి వెళ్దాం?"

"ఎవరో ఫోన్ చేసి ఫలానా వీధిలో వాసన వస్తోందన్నారండీ," అని వ్యాను డ్రైవరు వీధి పేరు చెప్పాడు.

అది ఇంజనీరు ఉండే వీధే. వ్యాను కూస్తే తన పరువు పోతుంది. కూయకపోతే ఇన్నేళ్ల కష్టం పోతుంది. ఆ సాయంత్రం పరుగున ఇల్లు చేరి చూస్తే, డ్రమ్ము మూత బూరెలా పొంగి ఉంది. ఏం చేయాలో తోచక మంచం మీద దుప్పటి లాక్కొచ్చి దానికి చుట్టబెట్టాడు.

"దానికి చలేస్తోందా?" అని వెనకనుంచి భార్య అడిగింది.

"మంచు పడుతుందేమోనని..."

"జ్వరమేమో చూడండి. మాత్ర ఇస్తాను."

మర్నాడు వ్యాను బయల్దేరింది. ఇంజనీరు డ్రైవరు చెవిలో, "పక్క సందులోకి తిప్పవయ్యా," అన్నాడు.

"ఫిర్యాదు ఈ వీధి మీద కదండీ!" అన్నాడు డ్రైవరు, వ్యానంతా వినపడేలా.

వ్యాను ఒక్కో ఇల్లూ దాటుతోంది. కూత లేదు. కత్తెరాయన ఆవలించాడు. ఇంజనీరుకు మొదటిసారి తన డ్రమ్ము కంటే తన పథకం మీద దిగులు పుట్టింది. అంతలో ఆయన గేటు ముందుకు రాగానే యంత్రం తెర ఎర్రబడి, కుయ్యోమని ఒకటే మోత.

"చెప్పానా!" అన్నాడు కత్తెరాయన చంకలు గుద్దుకుంటూ. "ఇది మన ఇంజనీరుగారి ఇల్లు. రూలు రాసినాయన ఇంట్లో మీథేనేమిటి? యంత్రం చెడిపోయింది. ఆపేద్దాం!"

నోరు మూసుకుంటే ఇంజనీరు పరువు నిక్షేపంగా దక్కేది. ఆయన నోరు మూసుకుందామనే అనుకున్నాడు. కానీ ఏళ్ల తరబడి మోసిన ఫైళ్లు కళ్లముందు తిరిగాయి.

"యంత్రం బ్రహ్మాండంగా ఉందండీ!" అని గట్టిగా అరిచాడు. "చెడిపోయింది నా డ్రమ్ము!"

అందరూ పెరట్లోకి వచ్చారు. దుప్పటి కప్పుకున్న డ్రమ్మును చూసి మంత్రిగారు నవ్వాపుకున్నారు. "ఇంత బుల్లి డ్రమ్ములో ఏముంటుందండీ," అంటూ కత్తెరాయన దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి మూత బిగింపు లాగేశాడు. ఢామ్మని మూత ఎగిరింది. దుప్పటి కూడా లేచి ఆయన నెత్తిమీదే పడింది. ముసుగులోంచి కేకలు వేస్తూ, పూలకుండీలు తన్నుకుంటూ, ఆయన వీధి చివరిదాకా వెళ్లిపోయాడు. ఆ వాసనకు డ్రైవరు గోడెక్కాడు.

ఇంజనీరు తల దించుకుని నిలబడ్డాడు. అప్పుడు ఆయన భార్య చీరల దండెం కొంచెం పక్కకు జరిపి, "అమ్మా, ఇది కూడా చూడండి," అంది.

దండెం వెనక ఇంకో డ్రమ్ము ఉంది. చిల్లులు, ఎండుటాకులు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. డ్రైవరు గోడ దిగి, యంత్రం గొట్టం దాని దగ్గర పెట్టాడు. చడీచప్పుడూ లేదు. మళ్లీ పాత డ్రమ్ము దగ్గర పెట్టాడు. కుయ్యోమంది.

"ఒకే వంటిల్లు, ఒకే చెత్త," అంది ఆవిడ. "ఇది తిప్పిన డ్రమ్ము, అది వాయించిన డ్రమ్ము. మావారు రాసినట్టు చేస్తే ఇలా ఉంటుందమ్మా. మావారు చేసినట్టు చేస్తే అలా ఉంటుంది."

మంత్రిగారు ఇక నవ్వు ఆపుకోలేకపోయారు. "ఇంతకంటే రుజువేం కావాలి? పథకం రేపే అమలు!"

ఇంజనీరు సిగ్గు సగం దిగమింగుకుని, సగం గెంతులేశాడు. సాయంత్రం భార్యతో, "ఆ ఫోన్ చేసిందెవరో తెలిస్తే బాగుణ్ణే," అన్నాడు.

"తెలిస్తే ఏం చేస్తారు?"

"దండం పెడతాను. పథకం నిలబెట్టారు."

"అయితే పెట్టండి," అని ఆవిడ కుర్చీలో దర్జాగా కూర్చుంది. ఆయన పెట్టాడు.

ఇప్పుడు ఊరూరా గోడల మీద రెండు డ్రమ్ముల బొమ్మలున్నాయి. మంచి డ్రమ్ము పక్కన ఆవిడ, రెండో డ్రమ్ము పక్కన దుప్పటి పట్టుకుని ఆయన. ఏడాది తిరిగేసరికి చెత్తగుట్టల నుంచి వచ్చే మీథేను బాగా తగ్గిందని లెక్క తేలింది. ఇంజనీరుకు ఆ కబురు ఫోన్లో అందేసరికి పెరట్లో ఉన్నాడు. కర్రతో సహా ఇంట్లోకి పరిగెత్తాడు.

"తగ్గిందే! దేశమంతా తగ్గింది! మన కళ్లతోనే చూశాం!"

ఆవిడ కళ్లూ మెరిశాయి. అయినా చెయ్యి చాపి, "ఏదీ, కర్ర ఇలా ఇవ్వండి," అంది.

ఆయన ఇచ్చాడు. కర్ర కొస తడిగా ఉంది.