ఫ్రీజరు తాగిన వోల్టేజి

చికాగోలో క్లెమెంట్ నోవిట్స్కీ ఇంటి నేలమాళిగలో బంతిని రెక్కలతో కొట్టి ఆడే పాత పిన్‌బాల్ మిషనొకటుండేది. దాని పక్కనే అతని భార్య లుసీల్ ఫ్రీజరు. ఆ ఫ్రీజరున్న చోట రెండో మిషను పెట్టాలని క్లెమెంట్‌కు ఎప్పట్నుంచో కోరిక. చెప్పే ధైర్యమే లేదు.

అంతలో ఉన్న మిషనుకు జబ్బు చేసింది. రెండు రెక్కల్నీ ఒకేసారి ఆడిస్తే చాలు, దీపాలన్నీ ఆరిపోయి ఆట మళ్ళీ మొదటికొచ్చేది. మీటరు పెట్టి చూస్తే, ఆటను నడిపే కరెంటు బోర్డు మీద ఐదు వోల్టులుండాల్సింది నాలుగున్నరే ఉంది.

క్లెమెంట్‌కు దుఃఖం బదులు ఉపాయం తన్నుకొచ్చింది.

"చూశావా లుసీల్, కరెంటంతా నీ ఫ్రీజరే తాగేస్తోంది. నా మిషనుకు ఎంగిలి మిగుల్తోంది."

"ఇన్నేళ్ళూ తాగనిది ఇప్పుడు తాగుతోందా?"

"వయసు మీద పడితే దాహం పెరుగుతుంది."

"ఫ్రీజరు సంగతేనా నువ్వు చెప్పేది?"

లుసీల్ చెల్లెలింటికి వెళ్ళిన రోజు, క్లెమెంట్ ఆమె తమ్ముడు రోమన్‌ని సాయం పిలిచి ఫ్రీజరును గ్యారేజీలోకి చేర్చాడు. ఇద్దరి నడుములూ పట్టేశాయి. ప్లగ్గు పెట్టి, పొదుపరిలా లైటార్పి వచ్చాడు. ఆ లైటుకూ ప్లగ్గుకూ స్విచ్చి ఒక్కటే. అలా పెట్టించింది తనే అయినా ఆ క్షణాన గుర్తు రాలేదు.

మిషను మాత్రం ఎప్పటిలాగే చచ్చి బతుకుతోంది.

మర్నాడు లుసీల్ వచ్చేసరికి గ్యారేజీ నిండా నీళ్ళు. చర్చి విందుకని ఆమె బంగాళదుంప కూరి చేసి దాచిన పియెరోగీ కుడుములన్నీ మెత్తబడిపోయాయి. ఆమె అరవలేదు. క్లెమెంట్‌కు దాంతోనే ఎక్కువ భయమేసింది.

"పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టు. వీధిలో వాళ్ళందర్నీ భోజనానికి పిలువు. ఆ మీటరిటివ్వు."

నీళ్ళు మరిగేలోగా ఆమె నేలమాళిగలోకి దిగింది. గోడ ప్లగ్గు బాగానే ఉంది. మిషనులో కరెంటు బయల్దేరే చోట సరిగ్గా ఐదు వోల్టులు. ఆట నడిపే బోర్డు దగ్గర నాలుగున్నర.

"బయల్దేరేటప్పుడు ఐదు, చేరేసరికి నాలుగున్నర. మధ్యలో ఎవరో తింటున్నారు క్లెమ్. ఫ్రీజరు గ్యారేజీలోంచి చెయ్యి చాపుతోందా?"

క్లెమెంట్ వంగి మిషను ప్లగ్గు పీకాడు.

ఆమె లోపలి తీగ వెంటే వేలు నడిపింది. నడిమధ్య అతుకులో పిన్నులు మాడి గోధుమరంగుకు తిరిగాయి. కొత్తవి వేసి, మిషను ఆన్ చేసి మళ్ళీ కొలిచింది. ఐదు. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. చేతిలో మీటరుతో, ముక్కు మీద మసితో నిలబడ్డ భార్యను క్లెమెంట్ పెళ్ళినాటి కళ్ళతో చూశాడు.

"ఇది నీకెలా తట్టింది లుసీల్?"

"నాకు ఫ్రీజరు మీద పగ లేదు కాబట్టి."

వీధి వీధంతా వచ్చి పియెరోగీలు తిని, మిషను ముందు వరస కట్టింది. లుసీల్ స్కోరును ఎవరూ అందుకోలేకపోయారు. క్లెమెంట్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టి, ఫ్రీజరును వెనక్కి మోయడానికి మెల్లగా రోమన్‌ని గ్యారేజీ వైపు లాగాడు.

"నా వంతొచ్చేస్తోంది బావా," అన్నాడు రోమన్ కదలకుండా.

"నువ్వొక్కడివే తేగలవులే క్లెమ్," అంది లుసీల్, బంతి మీంచి చూపు తిప్పకుండానే. "ఖాళీ చేసిపెట్టాంగా."