తులసమ్మ వెనకసీటు దండయాత్ర

మదనపల్లె మండీలో టమేటాల వేలంపాట మొదలై, పుంగనూరు వీధుల్లో పాలసైకిళ్ల గంటలు మోగుచున్న వేళ, రెండువేల ఎనిమిదో సంవత్సరపు కార్తీకమాస శుభోదయాన, పొట్టి ఆవులకు పుట్టినిల్లయిన ఆ పుంగనూరు పురవరంలో, ఎత్తులో ఆ ఆవులకు దీటైన తులసమ్మ అనే వృద్ధవీరాంగన ఒక సంచి సర్దుచుండెను.

సంచి ఆమెది కాదు. ప్రయాణమూ ఆమెది కాదు. మదనపల్లెలో ఉండే అక్క రుక్మిణమ్మ కుప్పంలో రైలెక్కి, కంటి ఆపరేషనుకు కోయంబత్తూరులోని కూతురి ఇంటికి పోతున్నది. ఆమె వచ్చే బస్సు పుంగనూరులో ఆగినప్పుడు కిటికీలోంచి సంచి అందించి, ముఖం చూసి పంపాలని తులసమ్మ సంకల్పం.

బెల్లం పాకంలో చుట్టిన చెనిగ్గింజల ఉంటలు కింద పెడితే నలుగునని పైన పెట్టెను. పైన పెడితే దిష్టి తగులునని మళ్లీ కిందికి నెట్టెను. ఊరగాయ డబ్బాకు గుడ్డ చుట్టి, ఆ గుడ్డకు మరొక గుడ్డ చుట్టెను. ఎవరు గడప దాటినా ఇదే కడసారి చూపేమోనని ఆమెకు చిన్ననాటి నుంచీ భయం. కూరగాయలకు పోయే కోడలినైనా వీధి మలుపు తిరిగేదాకా చూడనిదే తలుపు వేయదు. అట్లు కట్టిన ముడులు విప్పి, విప్పిన ముడులు కట్టి, ఆ ధీర బస్టాండు చేరేసరికి కుప్పం బస్సు రేపిన దుమ్ము మాత్రమే మిగిలెను.

"ఇప్పుడే పాయె గదమ్మా," అన్నాడు టీబంకు వెంకటేశులు. "మీ యక్క కిటికీలోంచి మెడ సాచి సాచి సూసె. కండక్టరు రైట్ అనేసినాడు."

"ఇంకో బస్సు లేదాప్పా?"

"ఉండాది. రైలు పోయినాక పోతాది."

తులసమ్మ గుండె సంచికన్నా బరువెక్కెను. ఆ క్షణాన దిక్కులు పిక్కటిల్లగా, వీధికుక్కలు బల్లల కింద దూరగా, అవ్వను వెతుక్కుంటూ వచ్చెను మనవడు మహేష్, బెంగళూరు బైకుల షోరూములో మెకానిక్కు. వాని కింద ఎర్రని ఉక్కుగుర్రం. షడ్గేరసమన్వితము, జలశీతలహృదయము, ఉభయచక్ర డిస్కుబ్రేకు భీకరము, గాలిని చీల్చు కవచధారణము, తన్ను నడుపువానిని సాష్టాంగపడునట్లు వంచు పొట్టిహ్యాండిలు గలదియునగు ఆ మహావాహనమును గాంచి తులసమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసెను.

"ఎక్కవ్వా, బస్సును పట్టేస్తాం. ఆరు గేర్లు! కారు మాదిరి ఇంజిను సల్లబడేదానికి నీళ్లుండాయి."

"నీళ్లుండాయి సరే. పట్టుకొనేదానికి కమ్మీ యాడరా?"

"బరువు తగ్గాలని పెట్టలేదవ్వా."

"చీరె చక్రంలో పడకుండా జాలీ?"

"అదీ బరువే గదా."

"మరి ఈ పీటంత ఎనక సీటు యాల పెట్టినారప్పా?"

"ఉత్తినే. అందానికి."

ప్రథమ దండయాత్ర ప్రక్కవాటున జరిగెను. పెళ్లినాటి నుంచీ ఏ బండెక్కినా కాళ్లు రెండూ ఒకే వైపు వేసి కూర్చున్న కులస్త్రీ గదా! కానీ గోపురమంత ఎత్తున్న ఆ సీటు ముందుకు వాలి ఉండెను. మహేష్ ఇలా కదిలించి, అలా బ్రేకు తాకెనో లేదో, తులసమ్మ సంచీతోపాటు జర్రున జారి టీబంకు బల్లపై ఆసీనురాలయ్యెను.

"టీ పొయ్యనామ్మా?" అన్నాడు వెంకటేశులు.

ఆ మాట శూలమై నాటగా, ఆమె అంతరంగం ఇట్లు గర్జించెను: "ఓరీ లోహతురగాధమా! కమ్మీలేని గర్వమా నీది? జాలీలేని జంకులేనితనమా నీది? మా అక్క ముఖము చూడకుండ నన్ను ఆపుటకు నీ వాలుపీఠమెంత, నీవెంత!"

నోటితో మాత్రం, "ఉండురా, కాసె పోస్తా," అనెను.

చెనిక్కాయ చేలో కలుపు తీసిననాటి వలె చీరె కుచ్చిళ్లు కాళ్ల నడుమ నుంచి వెనక్కి తీసి, బిగించి దోపెను. బస్టాండు నిశ్చేష్టమయ్యెను. బల్లపై నిలిచి, కుడికాలు అటు, ఎడమకాలు ఇటు వేసి, తులసమ్మ మగరాయునివలె సీటునధిష్ఠించెను!

"వంగవ్వా, గాలి కొడతాది!"

"యాడికి వంగేదిరా? నీ ఈపు మీద పండుకోవల్లనా?"

"అదే, అదే!"

మొదటి గేరుకు వినాయకుని, రెండోదానికి బోయకొండ గంగమ్మను, మూడోదానికి వెంకన్నను, నాలుగుకు శివుని, అయిదుకు ఆంజనేయుని తలచెను. ఆరో గేరుకు దేవుళ్లు గుర్తురాక, "అక్కా! అక్కా!" అని కేకలు పెట్టెను. ఇద్దరి నడుమ సంచిలో ఉంటలు పిండిపిండి అయ్యెను. పలమనేరు వెనకబడెను. వి.కోట దాటిన పిమ్మట బస్సు వీపు కనబడెను.

కిటికీలో రుక్మిణమ్మ కళ్లు చికిలించెను. "ఎవురా మొగోడు, గుండ్రంగా ఉండాడు?"

"నేనేక్కా!"

"తులసీ! ఓయమ్మో, నా పుంగనూరు ఆవా! కాళ్లు అటొకటి ఇటొకటి ఏసుకొని ఏందే ఈ యేశం?"

బస్సంతా గొల్లుమనెను. నవ్వాపుకోలేక డ్రైవరు బస్సే ఆపెను. సంచి కిటికీలోంచి లోనికి పోయెను.

"బస్సులో కిటికీ పక్కన కూసునేదానికే బయపడి ఏడ్చేదానివి గదే," అనెను రుక్మిణమ్మ, కన్నీళ్లు తుడుచుకుంటూ.

"నవ్వు, బాగా నవ్వు. నిన్ను సూడకుండా పంపిస్తానా?"

రుక్మిణమ్మ చెయ్యి చాచి చెల్లెలి చెంప తడిమెను. "మబ్బు మబ్బుగా ఉండావే. కన్ను బాగయినాక వచ్చి, ఇట్నే కూసోబెట్టి సరిగ్గా సూస్తా."

కుప్పం స్టేషను దాకా ఎర్రగుర్రం ముందు, బస్సు వెనక. అక్కడ తులసమ్మ కాళ్లు బిగుసుకుపోగా, మహేషూ ఒక పోర్టరూ కలిసి ఆమెను బస్తావలె దించిరి. రైలు కదిలి, వంతెన దాటి, చుక్కయి మాయమయ్యేదాకా ఆమె చూసెను.

వినుడు జనులారా! ముల్లోకముల మహాయంత్రశాస్త్రజ్ఞులు వృద్ధస్త్రీల కొరకు గాక అందం కొరకు మాత్రమే నిర్మించిన ఆ సీటుపై, పుంగనూరు తులసమ్మ కుప్పం దాకా కూర్చుండెను, పడలేదు!

రుక్మిణమ్మ తిరిగి రాలేదు. రెండువేల తొమ్మిది ఫిబ్రవరిలో, శివరాత్రి మరునాడు, కోయంబత్తూరులోనే పోయింది.