కొత్త సిగ్నల్, పాత పులి

పేరు పెట్టే తీరిక ఎవరికీ లేని ఓ పెద్ద అడవిలో ఇంటింటికీ టీవీ ఉండేది. పైన యాంటెన్నా, తెర నిండా చుక్కలు. రోజూ పొద్దున్నే ఆ చుక్కల్లోంచి అధ్యక్షుడు పెద్దపులి కనిపించి, ఆ రోజు ఏ వైపు వేటాడతాడో చెప్పేవాడు. వార్తలు చూసినవాళ్ళు రెండో వైపు మేతకు పోయేవారు. చూడనివాళ్ళు పులికి భోజనం. అది ఒప్పందం.

నలుగురు పిల్లల తల్లి కుందేలు నూకాలు ఒక్క పూట కూడా వార్తలు మానేది కాదు. అడవంతా అలాగే చూస్తుండేసరికి పులి డొక్కలు లోపలికి పోయాయి.

అప్పుడు ప్రసారాల అధికారి నక్క పద్మనాభం, "పౌర్ణమి నుంచి పాత సిగ్నల్ ఉండదు. అంతా డిజిటల్. టీవీకి తగిలించే కొత్త పెట్టె ఉన్న ఇంటికే బొమ్మ" అని దండోరా వేయించాడు. పెట్టెలు ఉచితమేనట.

నూకాలు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసుకి వెళ్ళింది.

"బాబూ, పెట్టె ఎలా తీసుకోవాలి?"

"వివరాలన్నీ కొత్త ఛానెల్లో చెబుతున్నాం కదమ్మా. చూడలేదా?"

"చూడాలంటే పెట్టె ఉండాలి కదా."

"మరి అందుకే ముందు పెట్టె పెట్టించుకోమంటున్నాం" అని పద్మనాభం ఓపిగ్గా నవ్వాడు.

అతని వెనక గోడ వారగా పెట్టెలు గుట్టగా ఉన్నాయి. వాటి మీద నక్కల వీధి చిరునామాలే ఉన్నాయి. నూకాలు పిల్లల్ని దగ్గరికి లాక్కుని బయటికొచ్చింది.

పౌర్ణమి నాడు టీవీలు నల్లబడ్డాయి. పక్కింటి ముళ్ళపంది గవిరయ్య తెరని రెండు దెబ్బలు కొట్టి చూసి, "ఇక మన పని అయిపోయినట్టే నూకాలూ" అన్నాడు.

"టీవీ లేకపోతే పోయింది, మామా. పులి కనబడితే నోరుంది కదా. నువ్వు చూస్తే నాకు చెప్పు, నేను చూస్తే నీకు చెబుతాను."

గవిరయ్య నెమలికి చెప్పాడు. నెమలి చెట్టెక్కి అందరికీ చెప్పింది. ఆ తర్వాత పులి ఎటు కదిలినా అతనికంటే ముందు కబురు వెళ్ళిపోయేది. వారం తిరిగేసరికి అధ్యక్షుడికి నడవడానికి కూడా ఓపిక లేకుండా పోయింది.

ఒక పొద్దున నూకాలు పిల్లలతో నక్కల వీధి మీదుగా పోతుంటే చెట్టు మీంచి నెమలి కేక వినబడింది. పులి ఈ వీధికే వస్తున్నాడు. పద్మనాభం ఇంట్లో టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నూకాలు ఒక్క క్షణం తటపటాయించింది. మనసొప్పక కిటికీలోంచి చెప్పింది.

"బాబూ, పులి ఇటే వస్తున్నాడట. బయటికి రండి."

"పుకార్లు నమ్మకూడదమ్మా. అధ్యక్షులవారు ఇవాళ తూర్పు వైపని ఇప్పుడే చెప్పారు. అదిగో చూడు, మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు."

"అది ఎప్పుడు తీసిందో ఏమో, బాబూ."

"డిజిటల్ అమ్మా, అబద్ధం రాదు."

మర్యాదకి ఇంకోసారి చెప్పి నూకాలు పిల్లల్ని తీసుకుని పొదల్లోకి పరిగెత్తింది. తెర మీద పులి తూర్పు దిక్కు చూపిస్తూనే ఉన్నాడు. అసలు పులి పడమటి గుమ్మంలోంచి లోపలికొచ్చాడు.

అందుకే బుద్ధిమంతులు సిగ్నల్ అందని చోటే ఇల్లు కట్టుకోవాలి.