సముద్రపుటొడ్డున డెమో క్లాసు

డేటాబేస్ పాఠాలు చెప్పే కామరాజు గారు అయిదు రోజులపాటు క్లాసులు తీసుకోరని కోచింగ్ సెంటరు గుమ్మానికి నోటీసు అంటించిన ఉదయం, అమీర్‌పేటలో ఎలాంటి అవాంఛనీయ సంఘటనలూ జరగలేదు. విద్యార్థులు సంయమనం పాటించారు. యూసుఫ్‌గూడ అద్దె గదుల్లో కొందరు ఎండెక్కేదాకా నిద్రపోయి, చాలాకాలం తర్వాత కలలు కూడా కన్నారు. సార్ సతీసమేతంగా మలేషియాలోని ఒక దీవికి విహారయాత్ర వెళ్తున్నారని తెలిశాక ఆందోళన పూర్తిగా సద్దుమణిగి, దాని స్థానంలో అసూయ నెలకొంది.

ఆ అసూయ న్యాయమైనదే. దేశంలో ఏ మూల డిగ్రీ పూర్తిచేసినవాడైనా కామరాజు గారి చేతుల మీదుగా అమెరికాకో, సింగపూర్‌కో ఎగిరిపోతాడు గానీ, ఆయన మాత్రం అంతవరకు పంజాగుట్ట చౌరస్తా దాటింది బంధువుల పెళ్లిళ్లకే. సెంటరు యజమాని నర్సింహులు గారు ఒకప్పుడు అదే భవనంలో టెంట్‌హౌస్ నడిపేవారు. ఆ కుర్చీలన్నీ వేసినా చాలక జనం కిటికీల్లో కూర్చుని సార్ పాఠం వింటారు. కిటికీలో కూర్చున్నవాడికి బోర్డు కనిపించదు. బోర్డు దగ్గరున్నవాడికి ఊపిరాడదు. అయినప్పటికీ మన సాఫ్ట్‌వేర్ రంగం దినదినాభివృద్ధి చెందుతూనే ఉంది.

ఇంతకీ ఈ యాత్ర ఖర్చు పెట్టుకున్నది నర్సింహులు గారే. ఎదురు భవనంలోని కోచింగ్ సెంటరువారు కామరాజు గారికి రోడ్డు మీద నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు. కొత్త బ్యాచ్‌లు మొదలయ్యే రోజుల్లో అమీర్‌పేటలో నమస్కారానికి ఒకటే అర్థం. అందుచేత నర్సింహులు గారు సార్‌ని దేశం దాటించారు. బేగంపేట విమానాశ్రయంలో స్వయంగా పెట్టె మోస్తూ, ఒక్క పని మాత్రం అప్పగించారు.

"సముద్రం కాడ తెల్లోళ్లకు పాఠం చెప్తున్నట్టు ఒక్క ఫోటో దిగి రాండ్రి సార్. జర మస్తు రావాలె. మిగిలింది నేను చూస్కుంట. మీరు తిరిగొచ్చే లోపల ఇంటర్నేషనల్ ఫ్యాకల్టీ అయితరు."

కామరాజు గారి భార్య ఛాయాదేవి ఈ మాటలు విననట్టే నిలబడింది. ఆమె పని వేరే ఉంది.

పెళ్లయి పంజాగుట్ట ఫ్లాట్‌లోకి వచ్చిన నాటినుంచి ఆమెకు భర్తతో కూర్చుని మాట్లాడే సందర్భం దొరకలేదు. తెల్లారకముందు మొదటి బ్యాచ్, రాత్రి చివరి బ్యాచ్, ఆదివారం ఆదివారం బ్యాచ్. మధ్యలో భోజనానికి వచ్చినప్పుడు ఆమె ఏదైనా మొదలుపెడితే, ఆయన కళ్లు మూసుకుని, "డౌట్స్ చివర్లో" అనేవారు. చివర అనేది రాలేదు. ఈలోగా కాకినాడ నుంచి ఆమె పాత టీచరు స్వరాజ్యం గారు ఫోన్ చేశారు. ఆవిడ నడిపే ఎయిడెడ్ బడిలో లెక్కల టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. బి.ఇడి. చేసి ఇంట్లో కూర్చున్న ఛాయాదేవి గుర్తొచ్చింది. ఛాయాదేవి వస్తానని చెప్పేసింది. భర్తకు చెప్పలేదు. సముద్రం ఒడ్డున, బ్యాచ్‌లు లేనిచోట, మొదటి రోజే చెబుదామని అయిదు రోజుల యాత్రకు సంతోషంగా ఒప్పుకుంది.

రిసార్ట్‌కు చేరేసరికి మధ్యాహ్నమైంది. గుమ్మంలో ఒక అమ్మాయి ఇద్దరి చేతుల్లో కొబ్బరిబోండాలు పెట్టి, దేవగన్నేరు పూల దండలు వేసింది. అది సన్మానమనుకుని కామరాజు గారు చిన్న ప్రసంగానికి సిద్ధపడ్డారు. ఎవరూ అడగలేదు. గదికి వెళ్లగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్యాంటులో దోపుకుని, నల్లబూట్లు తొడిగి, జేబులో మార్కర్ పెట్టుకుని ఇసుకలోకి నడిచారు. తక్కిన మానవజాతి అక్కడ దాదాపు బట్టలు లేకుండా ఉంది. ఆయన్ని చూసి ఇద్దరు లేచి సర్దుకుని కూర్చున్నారు. పన్నుల అధికారి అనుకుని ఉంటారు.

ఛాయాదేవి మెడలో కెమెరాతో వెనకే నడిచింది. నీళ్లలో కాళ్లు పెడదామా అని అడిగింది. ముందు ఫోటో అయిపోనీ అన్నారాయన. మీతో ఒక సంగతి చెప్పాలంది. చెప్పు అని, ఆమె నోరు తెరిచేలోగా, అటువైపు నలుగురు తెల్లవాళ్లు ఒకేచోట కనిపిస్తున్నారని ఆ దిక్కుగా వెళ్లిపోయారు. ఆ నలుగురూ వాలీబాల్ ఆడుతున్నారు. ఆయన వాళ్ల మధ్య నిలబడి మార్కర్ ఎత్తగానే బంతి వచ్చి చేతికి తగిలింది. తర్వాత ఇసుకతో కోట కడుతున్న ఒక కుటుంబానికి, మంచి బోధకుడు దొరకడం ఎంత అదృష్టమో వివరించారు. వాళ్లు కోట అక్కడే వదిలేసి హోటల్లోకి వెళ్లిపోయారు.

చివరికి ఆయన మేనేజరును కలిశారు. తాను భారతదేశం నుంచి వచ్చిన అధ్యాపకుడినని, సాయంత్రం ఉచితంగా ఒక డెమో క్లాసు ఇస్తానని, ఒక బోర్డు కావాలని తెలియజేశారు. మేనేజరు మర్యాదస్తుడు. ఆనాటి చేపల కూరల పేర్లు రాసిన తెల్లబోర్డును తుడిచి అప్పగించాడు. అంతటితో ఊరుకోక, ఇండియా గురువు గారు సూర్యాస్తమయ వేళ బోధిస్తారని అతిథులందరికీ కబురుపెట్టాడు. ఏం బోధిస్తారని అతిథులూ అడగలేదు. ఇండియా నుంచి వచ్చిన గురువు ఇంకేం బోధిస్తాడు?

సాయంత్రానికి ఒడ్డు నిండిపోయింది. జర్మనీ నుంచి వచ్చిన ముసలి దంపతులు ముందు వరసలో తువ్వాళ్లు పరుచుకుని పద్మాసనం వేశారు. వారిని చూసి తక్కినవారూ వేశారు. వాలీబాల్ ఆడేవారు కూడా వచ్చి, బంతి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంత క్రమశిక్షణ గల బ్యాచ్‌ని కామరాజు గారు జన్మలో చూడలేదు. ఆయన గొంతు సవరించుకుని, డేటాబేస్‌లో విలువ నింపని గడి గురించి అమీర్‌పేటలో మొదటిరోజు చెప్పే పాఠాన్నే ఇంగ్లిషులో అందుకున్నారు.

"నల్ ఈజ్ నాట్ జీరో," అన్నారు గంభీరంగా. "నల్ ఈజ్ నాట్ స్పేస్. నల్ ఈజ్ నల్."

సున్నా కాదు, ఖాళీ కాదు, అది అదే. జనం కళ్లు మూసుకున్నారు. సముద్రం కూడా కాస్త తగ్గింది. ఒక గడి విలువ ఇంకో గడి మీద అనవసరంగా ఆధారపడకూడదని, అలాంటి బంధాలను గుర్తించి ఒక్కొక్కటే తెంచేయాలని, ఒకే సంగతిని రెండుచోట్ల దాచుకుంటే చివరికి రెండూ అబద్ధమవుతాయని ఆయన వివరించారు. బంధాలు తెంచేయమన్నచోట జర్మన్ ముసలావిడ కళ్లవెంట నీళ్లు కారాయి. ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని, అంతలో అదీ బంధమేనని గుర్తొచ్చి వదిలేశాడు. ఛాయాదేవి చెట్టు పక్కన నిలబడి ఫోటో తీసింది. ఫోటో మస్తుగా వచ్చింది.

క్లాసు అయ్యాక ఎనీ డౌట్స్ అని అడిగారు కామరాజు గారు. ఎవరికీ లేవు. అందరూ చేతులు జోడించి, చాలాసేపు కదలకుండా ఉండి, ఒక్కొక్కరే నిశ్శబ్దంగా వెళ్లిపోయారు. ముసలావిడ ఛాయాదేవి దగ్గరికి వచ్చి, ఇలాంటి ప్రశాంతమైన గొంతు రోజంతా వింటూ బతకడం ఎంత భాగ్యమో కదా అంది. అవునని చెప్పింది ఛాయాదేవి. దూరదేశంవాళ్ల మనసు కష్టపెట్టడం ఎందుకు?

పొద్దు గుంకుతోంది. కామరాజు గారు బోర్డు తుడిచి, బూట్లు విప్పి, ఇసుకలో కూర్చున్నారు. చేసేందుకు ఏ పనీ లేదు. తర్వాతి బ్యాచ్ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు మార్కర్ మూత తీసి పెడుతూ కూర్చున్నారు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదండీ. ధ్యానం అనుకున్నారు."

"తెలుసు," అన్నారాయన.

"ఎప్పుడు తెలిసింది?"

"కళ్లు మూసుకున్నప్పుడే. మన దగ్గర కళ్లు తెరుచుకుని వింటారు. అంతే తేడా."

ఛాయాదేవి తల తిప్పి ఆయన్ని చూసింది. భర్త నోట ఇలాంటి నిజం వినడం ఆమెకు అదే మొదలు.

"మరి మనవాళ్లకి ఉద్యోగాలు ఎలా వస్తున్నాయి?"

"ఇంటర్వ్యూ చేసేవాడూ మన బ్యాచేగా," అన్నారు కామరాజు గారు.

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేక పడీపడీ నవ్వింది. ఆయన కూడా కాసేపు ఆలోచించి నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె కాకినాడ సంగతి చెప్పేసింది. జూన్‌లో చేరాలంది. స్వరాజ్యం గారికి మాట ఇచ్చానంది. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"నేను వెళ్లిపోతే మీకు తెలియడానికి ఎన్నాళ్లు పడుతుందా అని ఆలోచించాను. పాలవాడు చెబుతాడులే అనుకున్నా."

"పాలవాడు నాకెక్కడ కనిపిస్తాడు? నేను వెళ్లాక వస్తాడు," అన్నారాయన. అని, ఆ మాట తన చెవులకే వినపడినట్టు ఆగిపోయారు. తర్వాత ఆ బడిలో కంప్యూటర్లు ఉన్నాయా అని అడిగారు.

"ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చిన రోజునుంచీ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. చెప్పేవాళ్లు లేరు."

"చిన్నపిల్లలు కదా. అర్థం కాకపోతే అర్థం కాలేదని మొహం మీదే చెప్పేస్తారు. నావల్ల అవుతుందో లేదో."

"నేర్చుకోవచ్చు," అంది ఛాయాదేవి. "నేనున్నాగా. డెమో ఫ్రీ."

ఆయన ప్యాంటు మడిచి లేచారు. ఇద్దరూ మోకాళ్లలోతు నీళ్ల దాకా వెళ్లారు. మర్నాడు ఉదయం గురువు గారి కోసం ఒడ్డున తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నవారికి సముద్రం తప్ప ఏమీ కనిపించలేదు. గురువు గారు ఈసారి మౌనంగా బోధిస్తున్నారని వారు గ్రహించి, మరింత తృప్తి పొందారు.

జూన్‌లో ఆమె కాకినాడ వెళ్లింది. దసరాకు ఆయనా వెళ్లారు. ఇప్పుడు రోజూ ఆరో తరగతి పిల్లల చేత చివాట్లు తింటూ, కొద్దికొద్దిగా పాఠం చెప్పడం నేర్చుకుంటున్నారు.

అమీర్‌పేటకు మాత్రం ఎలాంటి నష్టమూ వాటిల్లలేదు. సముద్రం, తెల్లవాళ్లు, మార్కర్ ఉన్న ఆ నిలువెత్తు ఫ్లెక్సీని నర్సింహులు గారు భవనం మీంచి దించలేదు. దాని కింద కామరాజు గారి పేరుతోనే, నరేశ్ అనే పాత విద్యార్థి పాఠం చెబుతున్నాడు. సార్ చెప్పినప్పుడు అతనికి అర్థం కాలేదు. ఇప్పుడూ కాలేదు. అయినా ప్రతి వాక్యానికీ తరగతి మొత్తం శ్రద్ధగా తల ఊపుతోంది, ఉద్యోగాలూ వస్తూనే ఉన్నాయి. ఇదేదో మీకు బాగా తెలిసిన సంగతే అన్నట్టు మీరూ ఇప్పుడు తల ఊపారు. ఏ సంవత్సరం బ్యాచో మేం అడగం.