మగత రాని మాత్ర

ఆ రోజు డాక్టర్ల ముందు తడబడకుండా మాట్లాడగలిగితే మెడికల్ రెప్పు ఏరియా మేనేజరైపోతాడు. చెప్పవలసిందల్లా తమ కంపెనీ అలర్జీ మాత్రతో మగత రాదని. ఆ అబద్ధం నోట్లో నిజంలా తిరిగేదాకా పొద్దున్నే అద్దం ముందు వల్లించాడు. సరిగ్గా అప్పుడే తుమ్ములు పట్టుకున్నాయి.

మందులు అమ్మే నోరే గాని, అడిగే నోరు కాదు అతనిది. ఇల్లంతా అతను తెచ్చిన ఉచిత శాంపిళ్లే. ఎవరు ఏది చేతిలో పెట్టినా గుటుక్కున మింగేస్తాడు.

"తుమ్ముతూ ఏం మాట్లాడతారు, ఇది వేసుకోండి" అంది భార్య. వేసుకున్నాడు. గోరుచుట్టు మీద రోకలిపోటులా కొత్త చొక్కా కాలరుకు మెడ దురద మొదలైంది.

"దురదకి ఇది మంచిది బాబూ. నేను రోజూ ఇదే వేసుకుంటా" అని అత్తగారు ఇంకొకటి ఇచ్చింది. ఆవిడ ఏ సీరియలూ చివరిదాకా మేలుకుని చూసి ఎరగదు. అత్తగారి మాట కాదనలేక అదీ మింగాడు.

కారు దగ్గర బావమరిది మూడోది తీశాడు. "నీకు కారు పడదు కదా బావా. వాంతయితే సీటు నువ్వే కడగాలి." అదీ లోపలికి పోయింది.

హాల్లో మైకు ముందు నిలబడి, "మా మాత్ర వేసుకుంటే మగత..." అని ఆగాడు. మిగతా మాట కోసం డాక్టర్లు ఎదురుచూశారు. తల బల్ల మీద వాలింది, గురక మైకులోంచి హాలంతా పాకింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. వెనక కూర్చున్న కంపెనీ యజమాని ముఖాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు.

ఒక డాక్టరమ్మ లేచి నాడి చూసింది. "ప్రమాదమేం లేదు. ఇంతకీ ఏం మింగాడు?"

కారులో తీసుకొచ్చిన బావమరిది బల్ల మీది కంపెనీ డబ్బాలు చూపించాడు. "తుమ్ములకి ఎర్రది, దురదకి పచ్చది, వాంతులకి నీలంది."

ఆవిడ మూడూ తిప్పి చూసి యజమాని వైపు తిరిగింది. "మూడింట్లోనూ మందు ఒకటేగా. మగత రాదన్నారు?"

"ఆ మూడింటితో రాదు మేడం" అన్నాడు యజమాని, గొంతు సవరించుకుని. "నిద్ర పట్టనివాళ్లకి నాలుగో డబ్బా తెస్తున్నాం. ఇప్పుడు మీరు చూసింది దాని పనితనమే."

పక్క గదిలో భోజనాలు సిద్ధమయ్యాయని కబురొచ్చింది. అందరూ ఔనని తలలూపారు.

మెలకువ రాగానే ఉద్యోగం ఊడిందనుకుని రెప్పు గుమ్మం వైపు నడిచాడు. యజమాని అతని భుజం తట్టాడు. "ఏరియా మేనేజరువి నువ్వేనయ్యా. నాలుగో డబ్బా నీ బాధ్యతే."

కొత్త మేనేజరు ఇంటికెళ్లగానే చేసిన మొదటి పని, శాంపిళ్లన్నీ ఎదురింటివాళ్లకు పంచిపెట్టడం.